రెండు విమానాశ్రయాల మధ్య దూరం, ప్రయాణ సమయం: మీరే లెక్క కట్టుకునే పద్ధతి

‘అక్కడికి విమానంలో ఎంతసేపు పడుతుంది?’ అని అడిగి చూడండి. నలుగురు నాలుగు జవాబులు చెబుతారు. నలుగురూ నిజమే చెబుతారు. లండన్‌లో ఉదయం 10 గంటలకు బయలుదేరి న్యూయార్క్‌లో మధ్యాహ్నం 1 గంటకు చేరిన ప్రయాణాన్ని తీసుకుందాం. గోడ గడియారాలు మాత్రమే చూసినవారికి అది మూడు గంటలు. టికెట్ చూసినవారికి ఎనిమిది గంటలు. చక్రాలు నేల విడిచినప్పటి నుంచి మళ్లీ నేల తాకేవరకు లెక్కపెడితే ఏడుంపావు, ఏడున్నర. ఇంటి తలుపు నుంచి బస తలుపు దాకా లెక్కిస్తే పన్నెండు గంటలు దాటుతుంది.

దూరం ఒక్కటే, కాలం మాత్రం నాలుగు రకాలు. ఏది కావాలో ముందే తేల్చుకోకుండా వెబ్‌సైట్‌లో కనిపించిన మొదటి అంకెను పట్టుకోవడం వల్లనే చాలామంది తర్వాతి విమానం అందుకోలేకపోతున్నారు, తప్పు తేదీకి గది బుక్ చేస్తున్నారు. ఈ లెక్కకు సైన్, కొసైన్ బటన్లున్న ఒక కాలిక్యులేటరు, పది నిమిషాల ఓపిక చాలు. ఒక్కసారి చేతితో చేసి చూస్తే ఇకపై ఏ అంకె కనిపించినా అది ఎక్కడి నుంచి వచ్చిందో మీకే తెలుస్తుంది.

మొదటి అడుగు: ఏ విమానాశ్రయం?

నగరాల మధ్య దూరం వేరు, విమానాశ్రయాల మధ్య దూరం వేరు. పెద్ద నగరాలకు ఒకటి కంటే ఎక్కువ విమానాశ్రయాలుంటాయి. లండన్ పేరుతో హీత్రో, గాట్విక్, స్టాన్‌స్టెడ్, ల్యూటన్, సిటీ వంటివి ఉన్నాయి. టోక్యోకు హనేడా, నరిటా రెండూ ఉన్నాయి. హనేడా నగరాన్ని ఆనుకునే ఉంటుంది, నరిటా మాత్రం నగర మధ్యం నుంచి సుమారు 60 కిలోమీటర్ల దూరం. ఆకాశంలో ఈ తేడా నాలుగైదు నిమిషాలు. నేల మీద అదే తేడా గంటకు పైమాట.

పేర్ల గందరగోళం కూడా తక్కువ కాదు. సిడ్నీ అనగానే ఆస్ట్రేలియా గుర్తొస్తుంది, కానీ కెనడాలోని నోవా స్కోషియాలోనూ ఒక సిడ్నీ విమానాశ్రయం ఉంది. బర్మింగ్‌హామ్ ఇంగ్లండ్‌లో ఒకటి, అమెరికాలోని అలబామాలో మరొకటి. సాన్ హోసే కోస్టారికా రాజధాని, అవే అక్షరాలతో కాలిఫోర్నియాలో మరో నగరం ఉంది. అందుకే పేరును నమ్మకుండా మూడక్షరాల ఐఏటీఏ (అంతర్జాతీయ విమానయాన సంస్థల సంఘం) సంకేతాన్ని చూడాలి. హీత్రోకు ఎల్‌హెచ్‌ఆర్, న్యూయార్క్‌లోని కెనడీ విమానాశ్రయానికి జేఎఫ్‌కే. టికెట్ మీద, సామాను చీటీ మీద ఉండేవి ఇవే. పైలట్లు, నియంత్రణ కేంద్రాలు వాడే నాలుగక్షరాల ఐకావో (అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ) సంకేతాలు వేరు (హీత్రోకు అది ఈజీఎల్‌ఎల్). ఒక జాగ్రత్త: మొత్తం నగరానికి కలిపి ఇచ్చే సంకేతాలూ ఉంటాయి. లండన్‌కు ఎల్ఓఎన్, న్యూయార్క్‌కు ఎన్‌వైసీ అలాంటివే. వెతికేటప్పుడు వీటిని ఇస్తే ఆ నగరపు విమానాశ్రయాలన్నీ కలిసి వస్తాయి, కాబట్టి దూరం లెక్కకు అవి పనికిరావు.

రెండో అడుగు: అక్షాంశ రేఖాంశాలు

రెండు విమానాశ్రయాల అక్షాంశం, రేఖాంశం రాసుకోండి. ఏ మ్యాపులోనైనా దొరుకుతాయి. ఇక్కడే రెండు తప్పులు తరచుగా జరుగుతాయి.

మొదటిది డిగ్రీలు, నిమిషాలకు సంబంధించినది. హీత్రో అక్షాంశాన్ని కొన్నిచోట్ల 51 డిగ్రీల 28 నిమిషాలు అని రాస్తారు. దాన్ని 51.28 అని ఎక్కించకూడదు. డిగ్రీకి 60 నిమిషాలు కాబట్టి 28ని 60తో భాగించాలి, అప్పుడు 51.47 వస్తుంది. 51.28 అని వేస్తే హీత్రో కాస్తా 21 కిలోమీటర్లు దక్షిణానికి జరిగిపోతుంది.

రెండోది గుర్తుకు సంబంధించినది. ఉత్తరం, తూర్పు ధనం. దక్షిణం, పడమర రుణం. మాడ్రిడ్ రేఖాంశం పడమర 3.56 డిగ్రీలు. రుణ గుర్తు మరిచిపోయి తూర్పుగా వేస్తే విమానాశ్రయం సుమారు 600 కిలోమీటర్లు జరిగి మధ్యధరా సముద్రంలోకి వెళ్తుంది.

మూడో అడుగు: మహావృత్త దూరం

గోడకు వేలాడే ప్రపంచ పటం మీద రెండు నగరాల మధ్య స్కేలు పెట్టి గీసిన గీత సాధారణంగా అతి దగ్గరి దారి కాదు. భూమి గుండ్రన, కాగితం చదును. గోళం మీద రెండు బిందువుల మధ్య అతి తక్కువ దూరం మహావృత్తం వెంట ఉంటుంది. మహావృత్తం అంటే భూమి కేంద్రం గుండా కత్తితో కోస్తే ఉపరితలం మీద పడే వలయం. ఇంట్లో గ్లోబు ఉంటే ఒక దారాన్ని రెండు నగరాల మధ్య బిగుతుగా లాగి చూడండి. దారం తనంతట తానే ఆ మార్గంలోకి జరుగుతుంది.

మాడ్రిడ్, న్యూయార్క్ దాదాపు ఒకే అక్షాంశం మీద, 40 డిగ్రీల ఉత్తరానికి కాస్త పైన ఉన్నాయి. పటం చూస్తే నేరుగా పడమరకు పోవడమే దగ్గరనిపిస్తుంది. ఆ అక్షాంశం వెంటే పోతే దూరం సుమారు 5,930 కిలోమీటర్లు. మహావృత్తం వెంట పోతే దారి మధ్యలో 46 డిగ్రీల ఉత్తరం దాకా వంగుతుంది, అయినా దూరం 5,760 కిలోమీటర్లే. వంకరగా కనిపించే దారి 170 కిలోమీటర్లు తక్కువ! విమానంలో తెర మీద మన దారి విల్లులా వంగి కనిపించేది ఇందుకే.

ఇక లెక్క. సూత్రాన్ని మాటల్లో చెబితే ఇలా ఉంటుంది: రెండు అక్షాంశాల సైన్ విలువలను గుణించండి. రెండు అక్షాంశాల కొసైన్ విలువలను గుణించి, దాన్ని రేఖాంశాల తేడా కొసైన్‌తో మళ్లీ గుణించండి. ఈ రెండు ఫలితాలను కూడండి. వచ్చిన సంఖ్య ఏ కోణానికి కొసైన్ అవుతుందో కనుక్కోండి (కాలిక్యులేటరులో cos⁻¹ బటన్). ఆ కోణమే భూమి కేంద్రం దగ్గర రెండు నగరాల మధ్య ఉన్న కోణం. దాన్ని 111.2తో (భూమి మీద ఒక్కో డిగ్రీకి పడే కిలోమీటర్లు) గుణిస్తే కిలోమీటర్లు వస్తాయి.

హీత్రో (ఉత్తరం 51.47, పడమర 0.45), కెనడీ (ఉత్తరం 40.64, పడమర 73.78) తీసుకుని చేద్దాం.

సైన్ల లబ్ధం: 0.7823 × 0.6513 = 0.5095
కొసైన్ల లబ్ధం: 0.6229 × 0.7588 = 0.4727
రేఖాంశాల తేడా 73.33 డిగ్రీలు, దాని కొసైన్ 0.2869. దీనితో 0.4727ను గుణిస్తే 0.1356
మొత్తం: 0.6451
కోణం: 49.83 డిగ్రీలు
దూరం: 49.83 × 111.2, అంటే సుమారు 5,540 కిలోమీటర్లు

కాలిక్యులేటరు డిగ్రీల్లో ఉందో రేడియన్లలో (కోణాన్ని కొలిచే మరో కొలమానం) ఉందో ముందే చూసుకోండి, మనకు కావలసింది డిగ్రీలు. జవాబు అర్థం లేకుండా వచ్చిందంటే నూటికి తొంభైసార్లు తప్పు అక్కడే ఉంటుంది.

ఇందులో నాకు ఎప్పటికీ నచ్చే విషయం ఒకటుంది. అదే కోణాన్ని 111.2కు బదులు 60తో గుణిస్తే దూరం నాటికల్ మైళ్లలో వస్తుంది: 49.83 × 60 అంటే 2,990. నాటికల్ మైలు పుట్టిందే భూమి మీద ఒక నిమిషం కోణానికి సరిపోయే దూరంగా. ఇప్పుడు దాన్ని కచ్చితంగా 1,852 మీటర్లుగా స్థిరపరిచారు. నావికుల నుంచి ఆ కొలత విమానాలకు వచ్చింది. గంటకు ఒక నాటికల్ మైలు వేగమే ఒక నాట్. మామూలు మైలు 1.609 కిలోమీటర్లు, నాటికల్ మైలు 1.852. రెండు చోట్ల ‘మైళ్లు’ అని చూసి అంకెలు కలవడం లేదని అనిపిస్తే ఏ మైలో చూడండి.

మన 5,540 అంకెను వెబ్‌సైట్లు ఇచ్చే దూరంతో పోలిస్తే చాలావాటిలో 5,555 దగ్గర కనిపిస్తుంది. తప్పు మీది కాదు. మనం భూమిని 6,371 కిలోమీటర్ల వ్యాసార్ధంతో నిఖార్సైన గోళం అనుకున్నాం. నిజానికి భూమధ్యరేఖ దగ్గర వ్యాసార్ధం 6,378, ధ్రువాల దగ్గర 6,357 కిలోమీటర్లు. ఆ నొక్కుడును కూడా లెక్కలోకి తీసుకునే పద్ధతులున్నాయి. 1975లో భూమి కొలతల నిపుణుడు విన్సెంటీ ఇచ్చినది వాటిలో పేరుపొందింది. గోళం లెక్కకు, దీనికి తేడా సాధారణంగా అర శాతం లోపే. ప్రయాణ సమయం కోసమైతే ఆ తేడాను వదిలేయవచ్చు.

నాలుగో అడుగు: విమానం నిజంగా ఎగిరే దూరం

లెక్కలో వచ్చిన దూరం కనీస దూరం. ఏ విమానమూ అంతకంటే తక్కువ ఎగరలేదు, దాదాపు ఏ విమానమూ కచ్చితంగా అంతే ఎగరదు. రన్‌వే దక్షిణానికి ఉండి గమ్యం ఉత్తరాన ఉంటే పైకి లేచాక చుట్టు తిరగాలి. దిగే ముందు వరుసలో నిలబడాలి. మధ్యలో నిర్ణీత మార్గాలు, సైనిక ప్రాంతాలు, ఉరుములతో కూడిన మేఘాలు ఉంటాయి. రెండే ఇంజన్లున్న విమానాలు సముద్రం మీద పోయేటప్పుడు, ఒక ఇంజను ఆగిపోయినా అనుమతించిన నిమిషాల్లో ఏదో ఒక విమానాశ్రయానికి చేరగలిగేంత దగ్గరలోనే ఉండాలి. అందుకని లెక్కలో వచ్చిన దూరానికి 4 నుంచి 5 శాతం కలపడం మంచి అలవాటు. తక్కువ దూరాలకు ఈ శాతం పెరుగుతుంది, ఎందుకంటే చుట్టు తిరగడం అంతే ఉంటుంది, దారి మాత్రం చిన్నది.

ఐదు శాతం ఎంతమాత్రం సరిపోని సందర్భాలూ ఉన్నాయి. హెల్సింకి, టోక్యోల మధ్య మహావృత్తం రష్యా మీదుగా పోతుంది, దూరం సుమారు 7,800 కిలోమీటర్లు. 2022 ఫిబ్రవరి దాకా ఆ ప్రయాణం తొమ్మిది, తొమ్మిదిన్నర గంటలు. రష్యా గగనతలం మూతపడ్డాక విమానాలు ఉత్తర ధ్రువం వైపు నుంచో, దక్షిణం వైపు నుంచో చుట్టి పోవలసి వచ్చింది. ప్రయాణం దాదాపు 13 గంటలకు పెరిగింది. దూరం లెక్కలో ఏమీ మారలేదు, మారింది దారి. మీ మార్గం మీద ఇలాంటి మూత ఏదైనా ఉందేమో ముందు చూసుకోండి. ఆ విమానం గత వారంలో నిజంగా ఎగిరిన దారిని ట్రాకింగ్ వెబ్‌సైట్లలో చూస్తే అది ఇట్టే తెలిసిపోతుంది.

ఐదో అడుగు: వేగం

విమానాల వేగాన్ని మాక్ సంఖ్యలో చెబుతారు, అంటే ధ్వని వేగంలో ఎన్నో వంతు అని. ప్రామాణిక లెక్క ప్రకారం 11 కిలోమీటర్ల ఎత్తులో చలి మైనస్ 56.5 డిగ్రీలు. అక్కడ ధ్వని వేగం గంటకు సుమారు 1,062 కిలోమీటర్లు. బోయింగ్ 737, ఎయిర్‌బస్ ఏ320 తరహా విమానాలు మాక్ 0.78 దగ్గర ఎగురుతాయి, అంటే గంటకు సుమారు 830 కిలోమీటర్లు. బోయింగ్ 787, ఎయిర్‌బస్ ఏ350 వంటి దూరప్రయాణ విమానాలు మాక్ 0.85 దగ్గర, అంటే 900. ఏటీఆర్ 72 వంటి రెక్కపంకా (ప్రొపెల్లర్) విమానాలు సుమారు 500.

ఇవి గాలితో పోల్చిన వేగాలు. మనల్ని గమ్యం చేర్చేది నేలతో పోల్చిన వేగం. ఈ రెండింటి మధ్య గాలి ఉంది, సమయం లెక్కలో అసలు మలుపు అదే.

ఆరో అడుగు: గాలి

భూమి పడమర నుంచి తూర్పుకు తిరుగుతోంది కదా, మరి పడమరకు పోయే విమానానికి గమ్యమే ఎదురు రావాలి కదా అని చాలామంది అడుగుతారు. చక్కని ప్రశ్న. కానీ భూమితోపాటు గాలి కూడా తిరుగుతోంది, ఆ గాలిలో ఎగిరే విమానమూ తిరుగుతోంది. నడుస్తున్న రైలు పెట్టెలో బంతిని పైకి విసిరితే వెనక్కి పడదు, తిరిగి చేతిలోకే వస్తుంది. ఇదీ అంతే.

తేడా తెచ్చేవి జెట్ ప్రవాహాలు. ఉష్ణ ప్రాంతపు వేడిగాలికి, ధ్రువ ప్రాంతపు చల్లగాలికి మధ్య ఉన్న తేడా వల్ల, భూమి తిరగడం వల్ల, సుమారు 9 నుంచి 12 కిలోమీటర్ల ఎత్తులో పడమర నుంచి తూర్పుకు గాలి నదిలా పారుతుంది. విమానాలు ఎగిరేదీ ఆ ఎత్తులోనే. ఆ గాలి గంటకు 160 కిలోమీటర్లు దాటడం మామూలే. శీతాకాలంలో వేడి, చలి మధ్య తేడా పెరుగుతుంది కాబట్టి 300 దాటే రోజులూ ఉంటాయి. 2020 ఫిబ్రవరిలో తుపాను గాలుల బలంతో న్యూయార్క్ నుంచి లండన్‌కు ఒక బోయింగ్ 747 కేవలం 4 గంటల 56 నిమిషాల్లో చేరింది. ధ్వనిని మించి ఎగిరిన కాంకర్డ్ 1996 ఫిబ్రవరి 7న ఇదే దారిని 2 గంటల 52 నిమిషాల 59 సెకన్లలో దాటింది, కానీ అది వేరే తరగతి విమానం.

ఉత్తర అట్లాంటిక్ మీద దారులను ఏ రోజుకారోజు గాలిని బట్టి గీస్తారు. తూర్పుకు పోయేవి జెట్ ప్రవాహం మీద ఎక్కేలా, పడమరకు పోయేవి దాన్ని తప్పించుకునేలా. నిన్నటి దారి ఈరోజు ఉండకపోవచ్చు.

పోయేటప్పుడు పోగొట్టుకున్న సమయం వచ్చేటప్పుడు తిరిగి వస్తుందని అనుకోకండి. గంటకు 900 కిలోమీటర్ల విమానం 5,400 కిలోమీటర్లు పోయి వచ్చిందనుకుందాం. గాలి లేకపోతే ఆరు, ఆరు, మొత్తం 12 గంటలు. గంటకు 100 కిలోమీటర్ల గాలి ఉంటే ఎదురుగాలిలో 800 వేగంతో 6 గంటల 45 నిమిషాలు, వెనుకగాలిలో 1,000 వేగంతో 5 గంటల 24 నిమిషాలు. మొత్తం 12 గంటల 9 నిమిషాలు. ఎదురుగాలిలో గడిపే సమయమే ఎక్కువ కాబట్టి నష్టం లాభాన్ని మించుతుంది.

మధ్య అక్షాంశాల్లో దూర ప్రయాణాలకు విమానం వేగంలో పడమరవైపు గంటకు 80 కిలోమీటర్లు తగ్గించుకోండి, తూర్పువైపు 100 కలుపుకోండి (తూర్పుకు పోయే విమానం గాలిని వెతుక్కుని పోతుంది, అందుకే ఎక్కువ). ఉత్తర దక్షిణ ప్రయాణాలకు, భూమధ్యరేఖ దగ్గరి ప్రయాణాలకు సవరణ అక్కర్లేదు.

ఏడో అడుగు: అన్నీ కలిపి

పైకి ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు వేగం తక్కువ కాబట్టి 20 నిమిషాలు కలపాలి. గేటు నుంచి రన్‌వేకు, రన్‌వే నుంచి గేటుకు విమానం నేల మీద కదిలే సమయం చిన్న విమానాశ్రయాల్లో 15 నిమిషాలు, రద్దీ ఉన్నచోట అరగంట పైన.

లండన్ నుంచి న్యూయార్క్‌కు: వెబ్‌సైట్లు ఇచ్చే 5,555కు 4 శాతం కలిపితే సుమారు 5,780 కిలోమీటర్లు. ఎదురుగాలిలో 820 వేగంతో (900లో 80 తీసేస్తే) 7 గంటల 3 నిమిషాలు. 20 నిమిషాలు కలిపితే గాలిలో 7 గంటల 23 నిమిషాలు. నేల మీద అరగంట కలిపితే 7 గంటల 53 నిమిషాలు. టికెట్ మీద ఉండేది సుమారు 8 గంటలు. తిరుగు దారిలో 1,000 వేగంతో 5 గంటల 47 నిమిషాలు, ఎక్కడం దిగడానికి 20, నేల మీద ఈసారి 35 నిమిషాలు కలిపితే 6 గంటల 42 నిమిషాలు. టికెట్ మీద దాదాపు 7 గంటలు ఉంటుంది.

ఆ మిగిలిన కొద్ది నిమిషాలు విమానయాన సంస్థలు కావాలనే వేసుకునే వెసులుబాటు. టికెట్ మీది సమయం గేటు విడిచినప్పటి నుంచి గేటు చేరేవరకు, దీన్నే బ్లాక్ టైమ్ అంటారు. విమానం కాస్త ఆలస్యంగా బయలుదేరినా సరైన వేళకే చేరడం మీరు చూసే ఉంటారు. పైలట్ వేగం పెంచడం కంటే ఈ వెసులుబాటే ఎక్కువసార్లు అందుకు కారణం.

తక్కువ దూరాలకు ఇంత శ్రమ వద్దు. ఏ320 తరహా విమానానికి దూరానికి 5 శాతం కలిపి 830తో భాగించి 40 నిమిషాలు కలపండి. 500 కిలోమీటర్లకు గంటా 18 నిమిషాలు, 1,000 కిలోమీటర్లకు రెండు గంటలకు నాలుగు నిమిషాలు తక్కువ. దూరం రెట్టింపైనా సమయం రెట్టింపు కాలేదు చూడండి. మరీ చిన్న ప్రయాణాలకు మాత్రం ఏ సూత్రమూ నిలవదు. స్కాట్లండ్‌లోని ఆర్క్‌నీ దీవుల్లో వెస్ట్రే నుంచి పాపా వెస్ట్రేకు దూరం 2.7 కిలోమీటర్లు, విమానం పట్టికలో సమయం రెండు నిమిషాలు.

ఎనిమిదో అడుగు: గడియారం, తేదీ

స్థానిక సమయాలను నేరుగా తీసివేయడం ఈ మొత్తం లెక్కలో అన్నిటికంటే ఖరీదైన తప్పు. రెండు సమయాలనూ యూటీసీలోకి (ప్రపంచమంతటికీ ఒకటే ఉండే ప్రామాణిక సమయం) మార్చి అప్పుడు తీసివేయండి. శీతాకాలంలో టోక్యోలో సాయంత్రం 5కు బయలుదేరిన విమానం పది గంటలు ఎగిరి లాస్ ఏంజెలెస్ చేరిందనుకుందాం. టోక్యో యూటీసీ కంటే 9 గంటలు ముందు, కాబట్టి బయలుదేరినది యూటీసీ ఉదయం 8. చేరినది యూటీసీ సాయంత్రం 6. లాస్ ఏంజెలెస్ 8 గంటలు వెనుక, కాబట్టి అక్కడ ఉదయం 10, అదీ అదే తేదీ! బయలుదేరిన వేళ కంటే ఏడు గంటలు ముందే దిగినట్టు. తిరుగు దారిలో ఉదయం 11కు బయలుదేరి 12 గంటలు ఎగిరితే టోక్యోలో మర్నాడు సాయంత్రం 4. టికెట్ మీద చేరే సమయం పక్కన చిన్నగా ‘+1’ ఉంటే అర్థం ఇదే. గది బుక్ చేసేముందు ఆ చిన్న అంకెను వేలు పెట్టి చూడండి.

లాస్ ఏంజెలెస్ వేసవిలో గడియారాన్ని ఒక గంట ముందుకు జరుపుతుంది, టోక్యో జరపదు. కాబట్టి మార్చిలో సరిపోయిన తేడా ఏప్రిల్‌లో సరిపోకపోవచ్చు. అన్ని దేశాల తేడాలూ పూర్తి గంటల్లోనే ఉండవు కూడా: నేపాల్ యూటీసీ కంటే 5 గంటల 45 నిమిషాలు ముందుంటుంది.

తొమ్మిదో అడుగు: మధ్యలో ఆగే ప్రయాణాలు

‘నాన్‌స్టాప్’ అంటే ఎక్కడా ఆగదు. ‘డైరెక్ట్’ అంటే విమానం సంఖ్య ఒకటే, మధ్యలో ఆగవచ్చు. ఈ రెండింటినీ ఒకటే అనుకుని టికెట్ కొన్నవారికి గంటల సమయం అదనంగా పట్టవచ్చు. మారవలసిన ప్రయాణాల్లో ఒక్కో ముక్కకు విడిగా పై లెక్క కట్టి, మధ్య విరామం కలపండి. రెండు ముక్కలూ ఒకే టికెట్‌పై ఉంటే మొదటిది ఆలస్యమైనప్పుడు తర్వాతి విమానంలో చోటు చూపడం సాధారణంగా సంస్థ బాధ్యత. విడివిడిగా కొంటే ఆ బాధ్యత మీదే. అప్పుడు సామాను తీసుకుని, మళ్లీ అప్పగించి, తనిఖీలు దాటడానికి కనీసం మూడు గంటలు ఉంచుకోండి. దిగే విమానాశ్రయమూ ఎక్కే విమానాశ్రయమూ వేరైతే, ఉదాహరణకు నరిటాలో దిగి హనేడాలో ఎక్కాలంటే, ఐదు గంటలు కూడా ఎక్కువేమీ కాదు.

చివరగా ఒక పరీక్ష. విమానం ఎక్కాక మీ ముందు సీటు వెనుక తెర మీద నేలవేగం, ఎత్తు, బయటి చలి కనిపిస్తాయి. తూర్పుకు పోతుంటే గంటకు 1,000 దాటిన అంకె, పడమరకు పోతుంటే 800 దగ్గరి అంకె కనిపించవచ్చు. ఆ అంకెను విమానం మామూలు వేగంతో పోల్చండి, తేడా ఆ క్షణంలో వీస్తున్న గాలిలో మీ దారి వెంట ఉన్న భాగం. మిగిలిన దూరాన్ని ఆ నేలవేగంతో భాగించి, దిగడానికి పది నిమిషాలు కలిపి, తెర చూపే చేరువేళతో సరిచూసుకోండి.